పంటికి ఫిల్లింగ్ పట్టు: ఏది నిలబెడుతుంది, ఏది ఊడగొడుతుంది

పంటి రంగు ఫిల్లింగ్ పన్నును రెండు రకాలుగా పట్టుకుంటుంది. పంటి మీద కంటికి కనబడని గుంటల్లోకి ద్రవరూపంలో ఉన్న రెసిన్ దిగి, అక్కడే గట్టిపడి, మళ్లీ బయటికి రాలేక నిలిచిపోవడం మొదటిది. అంటించే పదార్థంలోని కొన్ని అణువులు పంటిలోని కాల్షియంతో రసాయనిక బంధం వేసుకోవడం రెండోది. పాతకాలపు వెండి ఫిల్లింగ్‌కు ఈ రెండూ లేవు. అమాల్గమ్ అనే ఆ పాదరస మిశ్రమం పన్నుకు అంటుకోదు కాబట్టి, జారిపోకుండా గుంటను లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా చెక్కేవారు. అలా చెక్కడంలో మంచి పన్ను కూడా కొంత పోయేది. అంటుకునే ఫిల్లింగులు వచ్చాక పుచ్చినంత మేరకే తీసేసి, మిగిలిన పన్నును కాపాడుకునే వీలు చిక్కింది.

ఆ వీలుకు ఒక షరతు ఉంది. అమాల్గమ్ కాస్త తడినీ కాస్త తొందరనూ ఓర్చుకుంటుంది, రెసిన్ ఓర్చుకోదు. దాని పట్టంతా పేషెంట్ కుర్చీలో ఉన్న కొద్దిసేపట్లోనే తేలిపోతుంది. ఆ సమయంలో పంటి ఉపరితలం ఎంత శుభ్రంగా ఉంది, ఉమ్మి, రక్తం దాని దరికి రాకుండా ఎంత జాగ్రత్త పడ్డారు అన్నవే అసలు లెక్కలు. వాడిన ట్యూబు ఏ కంపెనీది అన్నది వాటి తర్వాతి మాట.

పన్నుకు రెసిన్ అంటించే ఈ విద్యకు ఆద్యుడు మైకేల్ బ్యూనోకోర్. అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసిన ఈ పరిశోధకుడు 1955లో ఒక చిన్న పత్రం ప్రచురించాడు. లోహపు రేకుల మీద రంగు బాగా పట్టడానికి పరిశ్రమల్లో ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూసేవారు. పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ మీద కూడా అదే చేసి చూశాడాయన. 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని అర నిమిషం ఉంచి, కడిగి, ఆరబెట్టి, దాని మీద అక్రిలిక్ రెసిన్ వేస్తే అది ఆమ్లం పూయని పంటి మీదకన్నా ఎంతో ఎక్కువ కాలం నిలిచింది. ఇప్పుడు అంత గాఢమైన ఆమ్లం వాడరు. క్లినిక్కుల్లో సిరంజిలోంచి వచ్చే నీలం రంగు జెల్‌లో ఉండేది ఎక్కువగా 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లమే.

ఎనామెల్ మీద ఈ పద్ధతి ఇంత చక్కగా పనిచేయడానికి కారణం దాని నిర్మాణం. ఎనామెల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే, నీరూ ప్రోటీనూ నామమాత్రం. సన్నని కడ్డీలు పక్కపక్కనే పేర్చినట్టుండే ఆ ఖనిజాన్ని ఆమ్లం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కరిగిస్తుంది. పదిహేను నుంచి ముప్ఫై సెకన్ల తర్వాత కడిగి గాలితో ఆరబెడితే, అంతదాకా మెరుస్తున్న పన్ను సుద్దముక్కలా తెల్లగా, మెరుపు లేకుండా కనబడుతుంది. అది గుంటలు సరిగ్గా పడ్డాయనడానికి గుర్తు. ఆ తెలుపు రాని చోట పట్టు రాదు. తెలుపు వచ్చాక దాని మీద క్షణం సేపు ఉమ్మి తగిలినా అందులోని ప్రోటీన్లు ఆ గుంటల మీద పొరలా పేరుకుంటాయి. ఉత్త నీళ్లతో కడిగితే ఆ పొర పూర్తిగా పోదు. మళ్లీ కాసేపు ఆమ్లం పెట్టి, కడిగి, ఆరబెట్టాకే ముందుకు వెళ్లాలి. పిల్లల పాలపళ్లలోనూ, ఇంకా డ్రిల్లు తగలని పళ్లలోనూ పైపొరలో ఈ కడ్డీల అమరిక ఉండకపోవచ్చు. అందుకే ఆ పొరను ముందుగా కాస్త గరుకు చేయడం గానీ, ఆమ్లాన్ని మరికొంత సేపు ఉంచడం గానీ చేస్తారు.

ఎనామెల్ కింద ఉండే డెంటిన్ దగ్గరికి వచ్చేసరికి పని కష్టమవుతుంది. దాని బరువులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం కొలాజెన్ వంటి సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు. పైగా పంటి నరం వైపు నుంచి బయటికి వచ్చే సన్నని గొట్టాలు దాని నిండా ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. ఎనామెల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు ఇరవై వేల గొట్టాలుంటే, నరానికి దగ్గరయ్యేసరికి అవి నలభై వేలు దాటుతాయి, గొట్టం వెడల్పూ పెరుగుతుంది. గుంట ఎంత లోతైతే అంత తడి ఎక్కువ, అంటుకోవడానికి దొరికే గట్టి డెంటిన్ అంత తక్కువ. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడే వేయించుకున్న ఫిల్లింగ్ గట్టిగా నిలవడానికి, నొప్పి మొదలయ్యాక వేయించుకున్నది ఇబ్బంది పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

డ్రిల్లు తిరిగిన ప్రతి చోటా డెంటిన్ మీద ఒకటి రెండు మైక్రాన్ల మందాన మెత్తటి పొట్టు పేరుకుంటుంది. కోసిన ఖనిజపు పొడి, చితికిన కొలాజెన్, ఉమ్మి, క్రిములు అన్నీ కలిసిన ఈ పొర గొట్టాల నోళ్లను మూసేస్తుంది. దీన్ని ఏం చేయాలన్న దగ్గరే రెండు దారులు చీలాయి. ఆమ్లంతో పూర్తిగా కడిగేసి, తర్వాత బాండింగ్ అనే అంటించే ద్రవం వేయడం ఒక దారి. ఎనామెల్‌కూ డెంటిన్‌కూ కలిపి ఆమ్లం పెట్టవచ్చని 1970ల చివర్లో జపాన్‌కు చెందిన ఫుసయామా బృందం చూపించింది. అదే దేశానికి చెందిన నకబయాషి 1982లో ఆ పట్టు ఎలా వస్తుందో వివరించాడు. ఆమ్లం ఖనిజాన్ని తీసేశాక మిగిలిన కొలాజెన్ దారాల మధ్యకు రెసిన్ చొరబడి, రెండూ కలిసి కొన్ని మైక్రాన్ల మందాన ఒక మిశ్రమ పొరగా ఏర్పడతాయి. హైబ్రిడ్ పొర అని ఆయన పేరు పెట్టిన దీని మీదే డెంటిన్‌లో ఫిల్లింగ్ పట్టు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఈ పొర తయారీలో అతి సున్నితమైనది తడి. ఆమ్లం కడిగాక డెంటిన్‌ను గాలితో బాగా ఆరబెడితే, నిలబెట్టే ఖనిజం లేని కొలాజెన్ దారాలు ఒకదాని మీద ఒకటి కూలిపోతాయి. అప్పుడు రెసిన్ లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. నీళ్లు నిలిచేంత తడిగా వదిలేస్తే ఆ నీరే రెసిన్‌ను పలచన చేసి బుడగలు మిగులుస్తుంది. కావలసింది ఈ రెండింటి మధ్య, గుడ్డతో అద్దితే మిగిలేపాటి చెమ్మ. ఒకే గుంటలో ఎనామెల్ అంచు పూర్తిగా ఆరాలి, పక్కనే ఉన్న డెంటిన్ ఆరకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో రెండు రకాల జాగ్రత్త తీసుకోవాల్సిన ఈ పనిని చేయి తిరిగిన డాక్టరు కూడా ప్రతిసారీ ఒకేలా చేయడం కష్టం. ఆమ్లాన్ని డెంటిన్ మీద పదిహేను సెకన్లకు మించి ఉంచడమూ నష్టమే. ఖనిజం పోయినంత లోతుకు రెసిన్ చేరుకోలేక, అడుగున రక్షణ లేని కొలాజెన్ మిగిలిపోతుంది. ఫిల్లింగ్ తర్వాత కొన్ని వారాలు కొరికితే జివ్వుమనడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెండో దారి ఈ చిక్కును తప్పించడానికి వచ్చింది. సెల్ఫ్ ఎచ్ రకం బాండింగులు తామే స్వల్పంగా ఆమ్లంగా ఉండి, పొట్టు పొరలోంచి దారి చేసుకుంటూ వెంటనే రెసిన్‌ను నింపుతాయి. కడగడం, ఆరబెట్టడం అన్న మెట్టే ఉండదు. వీటిలో ఎండీపీ అనే అణువు చెప్పుకోదగ్గది. జపాన్‌లోని కురారే సంస్థ 1980ల మొదట్లో తయారుచేసిన ఈ అణువు కాల్షియంతో బంధం వేసుకుంటుంది. ఆ బంధం నీటిలో అంత తేలిగ్గా కరగదు. అయితే ఈ రకం బాండింగులకున్న స్వల్ప ఆమ్లం ఎనామెల్‌కు చాలదు. అందుకే ఎనామెల్ అంచుకు మాత్రం నీలం జెల్ పెట్టి, డెంటిన్‌ను బాండింగ్‌కే వదిలేసే పద్ధతిని ఇప్పుడు చాలామంది అనుసరిస్తున్నారు. రెండు దారుల్లోని మంచినీ కలుపుకున్న ఈ పద్ధతే అన్నిటికన్నా నమ్మదగ్గది.

బాండింగ్ ద్రవం వేసే తీరు కూడా పట్టును మారుస్తుంది. అందులో రెసిన్‌ను మోసుకెళ్లడానికి అసిటోన్, ఆల్కహాల్, నీరు లాంటివి ఉంటాయి. చిన్న బ్రష్‌తో దాదాపు ఇరవై సెకన్లు రుద్ది, మెల్లగా గాలి వదిలి అవి ఆవిరయ్యాకే రెసిన్‌ను గట్టిపరిచే లైటు వేయాలి. ద్రవం అలలాడడం ఆగి, మెరిసే పలచటి పొర మిగలడం దానికి గుర్తు. తొందరపడితే ఆ ద్రావకం లోపలే చిక్కుకుని పొరను బలహీనం చేస్తుంది. సీసా మూత తెరిచి ఉంచినా అసిటోన్ ఎగిరిపోయి, లోపలి మందు చిక్కబడి పనికిరాకుండా పోతుంది.

పంటి స్వభావం అందరిలోనూ ఒకటి కాదు. తెలుగు ప్రాంతాల్లో దీనికి దగ్గరి ఉదాహరణ తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి దీన్ని శాస్త్రీయంగా నమోదు చేశారు. ప్రకాశం, నల్గొండ జిల్లాల పల్లెల్లో తరాల తరబడి బోరు నీళ్లు, బావి నీళ్లు తాగినవారి పళ్ల మీద సుద్ద చారలు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. పళ్లు ఏర్పడే చిన్న వయసులో పడిన ఆ మచ్చలు, ఆ తర్వాత నీళ్లు మారినా పోవు. ఇలాంటి ఎనామెల్ పైపొరలో ఫ్లోరైడ్ ఎక్కువగా చేరి ఆమ్లానికి లొంగదు. దాని కింది పొర మాత్రం బోలుగా, పెళుసుగా ఉంటుంది. మామూలు సమయం ఆమ్లం ఉంచితే ఆ తెల్లటి సుద్ద రూపం రాదు. మచ్చలు తేలికగా ఉన్నవారికి ఆమ్లం పెట్టే సమయం పెంచితే సరిపోతుంది. ముదిరినవారికి ఆ పైపొరను డ్రిల్లుతో కొద్దిగా గీకి తీయాలి. ముందు పళ్ల మచ్చలు కప్పడానికి పంటి ముందు అంటించే పలచటి రేకులైన వెనీర్లు, కాంపోజిట్ అనే పంటి రంగు రెసిన్ ఫిల్లింగులు వేయించుకునే యువతీయువకులు ఈ ప్రాంతాల్లో చాలామంది ఉన్నారు. చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారన్నది డాక్టరుకు మొదటే చెప్పడం వారికి మేలు.

అలాగే గట్టి బ్రష్షు, గరుకు పళ్లపొడి, ఇటుకపొడి, బొగ్గు వాడినవారి పళ్లు చిగురు దగ్గర గాడి పడినట్టు అరుగుతాయి. ఏళ్ల తరబడి బయటపడి ఉన్న ఆ డెంటిన్‌లో గొట్టాలు ఖనిజంతో పూడిపోయి, పసుపుగా, గాజులా నునుపుగా తయారవుతుంది. రెసిన్ దిగడానికి అక్కడ సందు ఉండదు. వాటిలో వేసిన ఫిల్లింగులు ఊడిపోవడం అందుకే ఎక్కువ. పైపైన గరుకు చేసి, రసాయనికంగా అంటుకునే పదార్థం ఎంచుకుంటే ఫలితం మెరుగవుతుంది. బ్రష్షు చేసే తీరు మార్చుకోకుండా మళ్లీ మళ్లీ ఫిల్లింగ్ వేయించుకోవడం మాత్రం డబ్బు దండగ. పుచ్చు తీసేశాక అడుగున మిగిలే, కాస్త మెత్తబడినా క్రిములు లేని డెంటిన్‌కు కూడా మంచి డెంటిన్‌కున్నంత పట్టు రాదు. కానీ దాన్నీ తీసేస్తే నరం బయటపడే ప్రమాదం ఉంటుంది. కాబట్టి లోపల దాన్ని వదిలి, గుంట అంచుల చుట్టూ మాత్రం శుభ్రమైన, గట్టి పన్ను ఉండేలా చూస్తారు.

అంచు ఎక్కడ ముగుస్తుందన్న దాన్ని పట్టి కూడా ఫిల్లింగ్ ఆయుష్షు చెప్పవచ్చు. చుట్టూ ఎనామెల్ ఉంటే పట్టు ఏళ్ల తరబడి నిలుస్తుంది. రెండు దవడ పళ్ల మధ్య పుచ్చి, గుంట చిగురు కిందికి దిగితే అక్కడ ఎనామెల్ పలచబడి, కొన్నిసార్లు అసలే ఉండదు. చిగురు నుంచి చెమ్మ ఊరుతూనే ఉంటుంది, లైటు కొస దూరమవుతుంది. పన్నూ ఫిల్లింగూ ముందుగా విడిపోయేది ఎక్కువగా ఆ మూలనే. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నవారికి అదే రోజు ఫిల్లింగ్ వేయడం కన్నా, ముందు క్లీనింగ్ చేసి, చిగుళ్లు కుదుటపడ్డాక వేయడం ఎన్నో రెట్లు మంచిది. ఒక వారం ఆగమని చెప్పిన డాక్టరు పని వాయిదా వేస్తున్నారని అనుకోకూడదు.

తడిని అడ్డుకోవడానికి ఉన్న గట్టి సాధనం రబ్బరు డ్యామ్. 1864లో అమెరికన్ దంతవైద్యుడు సాన్‌ఫోర్డ్ బార్నమ్ మొదలుపెట్టిన ఈ పలచటి రబ్బరు తెర, పని చేయాల్సిన పన్నును మాత్రం బయట ఉంచి మిగతా నోటిని కప్పేస్తుంది. ఉమ్మితో పాటు ఊపిరిలోని తేమ కూడా పంటి మీదికి రాదు. ముఖం మీద కట్టినట్టుంటుందని చాలామంది వద్దంటారు. కింది దవడ వెనక పళ్లకు ఫిల్లింగ్ వేసేటప్పుడైనా దాన్ని భరించడం మంచిది. అది కుదరని చోట దూది చుట్టలు, ఉమ్మి లాగే గొట్టం, పక్కనే నిలబడి సాయపడే మనిషీ తప్పనిసరి. గుట్కా, వక్క నమిలి నోరు సరిగ్గా తెరుచుకోని స్థితికి వచ్చినవారికి వెనక పళ్లకు ఇవేవీ అమర్చడం కుదరదు, లైటు కూడా సూటిగా పడదు. అలాంటివారికి గ్లాస్ అయొనమర్ సిమెంటు నయం. 1970ల మొదట్లో ఇంగ్లండులో విల్సన్, కెంట్ పరిచయం చేసిన ఈ సిమెంటు కాల్షియంతో నేరుగా బంధం వేసుకుంటుంది, ఫ్లోరైడ్‌నూ కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. కాంపోజిట్ అంత బలం, నిగారింపు దీనికి ఉండవు. పిల్లల పళ్లకూ చిగురు పక్క గుంటలకూ మాత్రం చాలాసార్లు ఇదే సరైన ఎంపిక.

కాంపోజిట్‌ను గట్టిపరిచేది నీలి కాంతి. అందులోని కాంఫర్‌క్వినోన్ అనే పదార్థం 470 నానోమీటర్ల దగ్గరి కాంతిని పీల్చుకుని చర్యను మొదలుపెడుతుంది. ఆ కాంతి లోతుకు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి మామూలు కాంపోజిట్‌ను రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరకూ విడిగా లైటు పెట్టాలి. మందంగా ఒకేసారి నింపితే పైన రాయిలా ఉన్నా అడుగున పచ్చిగా మిగులుతుంది. అడుగు పచ్చిగా ఉంటే బాండింగ్‌కు ఆసరా లేనట్టే. లైటు కొస దూరంగా ఉన్నా, వంకరగా పట్టుకున్నా, దాని మీద పాత రెసిన్ అంటుకుని ఉన్నా ఇదే జరుగుతుంది.

గట్టిపడేటప్పుడు కాంపోజిట్ ఘనపరిమాణంలో రెండు మూడు శాతం కుదించుకుపోతుంది. చిన్న అంకెలా కనిపించినా, గోడలకు అంటుకుని ఉన్న పదార్థం కుదించుకుంటే ఆ గోడలను లాగుతుంది. ఎన్ని గోడలకు అంటుకుంది, ఎన్ని వైపులు స్వేచ్ఛగా ఉంది అన్న నిష్పత్తిని 1987లో నెదర్లాండ్స్ పరిశోధకులు లెక్కకట్టి చూపారు. అయిదు గోడలున్న లోతైన పెట్టెలాంటి గుంటలో పై వైపు ఒక్కటే స్వేచ్ఛగా ఉంటుంది, ఒత్తిడి అక్కడే ఎక్కువ. విరిగిన ముందు పంటి మూల కట్టేటప్పుడు అది చాలా తక్కువ. ఒత్తిడి పట్టును మించితే అంచు దగ్గర వెంట్రుక మందాన సందు పడుతుంది, లేదా పంటి గోడ వంగి నొప్పి పెడుతుంది. పొరలను ఏటవాలుగా, ఎదురెదురు గోడలను ఒకేసారి కలపకుండా వేయడం దీనికి విరుగుడు.

కొన్ని పదార్థాలు రెసిన్‌కు విషంతో సమానం. లవంగ నూనెలో ఉండే యూజినాల్ రెసిన్‌ను గట్టిపడనీయదు. అది కలిసిన తాత్కాలిక సిమెంటు మిగిలి ఉంటే కాంపోజిట్ పట్టు తగ్గుతుంది. పంటినొప్పికి ఇంట్లో లవంగ నూనె దూది పెట్టుకుని వచ్చినవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పళ్లు తెల్లబరిచే బ్లీచింగ్ చేయించుకున్నాక పంటిలో మిగిలిన ఆక్సిజన్ కూడా ఇదే పని చేస్తుంది. బ్లీచింగ్‌కూ ఫిల్లింగ్‌కూ మధ్య రెండు వారాలు ఎడం ఉంటే ఆ ఇబ్బంది ఉండదు, పంటి రంగు కూడా ఈలోగా స్థిరపడుతుంది.

క్యాపులు, వెనీర్ల విషయంలో అంటించాల్సిన రెండు ముఖాలు ఉంటాయి. పంటి వైపు ఎంత జాగ్రత్త కావాలో క్యాపు లోపలి వైపూ అంతే కావాలి. గాజు స్వభావమున్న సిరామిక్‌కు ల్యాబులో గానీ క్లినిక్కులో గానీ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పెట్టి, ఆపై రెసిన్ అంటుకునేలా చేసే సైలేన్ అనే ద్రవం పూస్తారు. జిర్కోనియా అనే మరో రకం సిరామిక్‌లో గాజు లేదు, కాబట్టి ఆ ఆమ్లం దాన్ని తాకినా ఫలితం లేదు. దానికి సన్నని అల్యూమినా పొడిని ఒత్తిడితో చిమ్మి గరుకు చేసి, ఎండీపీ ఉన్న పదార్థం వాడాలి. సరిపోయిందో లేదో చూడటానికి నోట్లో పెట్టి తీసిన జిర్కోనియా క్యాపుకు ఉమ్మిలోని ఫాస్ఫేటు అంటుకుంటుంది. అంటించే ముందు దాన్ని మళ్లీ శుభ్రం చేయకపోతే ఎంత ఖరీదైన సిమెంటైనా వృథా. వెనీర్లలో పంటిని వీలైనంత తక్కువ, ఎనామెల్ మేరకే గీకిన చోట పట్టు బాగుంటుంది. నిక్షేపంగా ఉన్న పంటిని డెంటిన్ దాకా అరగదీసి వెనీరు వేయడం ఎవరూ సులువుగా ఒప్పుకోకూడని పని.

మొదటి రోజు వచ్చిన పట్టు ఎప్పటికీ అలాగే ఉండదు. నీరు మెల్లగా రెసిన్‌లోకి చేరి దాన్ని సడలిస్తుంది. రెసిన్ కప్పని కొలాజెన్‌ను డెంటిన్‌లోనే ఉండే ఎంజైములు నెమ్మదిగా తినేస్తాయి. ఆమ్లం పెట్టాక రెండు శాతం క్లోర్‌హెక్సిడిన్ రాయడం ఆ ఎంజైములను అణచడానికే. దీనికి నోటి అలవాట్లు తోడవుతాయి. రాత్రిపూట పళ్లు కొరికేవారిలో ప్రతి కొరుకుడూ అంచును కదిలిస్తుంది. అలాంటివారికి రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ కూడా ఫిల్లింగ్ అంత అవసరం. తీపి పదేపదే తింటే అంచు దగ్గర కొత్త పుచ్చు మొదలై, బాండింగ్ ఎంత బాగున్నా కింది పన్నే కరిగిపోతుంది. లైటుతో గట్టిపడిన కాంపోజిట్ మీద ఇంటికి వెళ్లగానే తినవచ్చు, మత్తు ఇంజెక్షన్ దిగేదాకా మాత్రం నాలుక, పెదవి కొరుక్కోకుండా ఆగాలి. గ్లాస్ అయొనమర్ వేస్తే ఆ రోజంతా ఆ పక్కన గట్టివి నమలకపోవడం మంచిది. ఎత్తుగా తగులుతున్నట్టు అనిపిస్తే సర్దుకుంటుందని ఊరుకోకుండా రెండు మూడు రోజుల్లో వెళ్లి సరిచేయించుకోవాలి.

క్యాపు గానీ పెద్ద ఫిల్లింగ్ ముక్క గానీ ఊడితే పారేయకూడదు. కడిగి, చిన్న డబ్బాలో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. లోపల ఏ ముఖం శుభ్రంగా ఉంది, సిమెంటు ఏ వైపు మిగిలింది అన్నది చూస్తే పట్టు ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. బజారులో దొరికే ఇన్‌స్టంట్ గమ్‌తో ఇంట్లో అంటించుకోవడం ప్రమాదం. అది చిగురును కాలుస్తుంది, క్యాపును వంకరగా బిగిస్తుంది, తర్వాత వచ్చే సరైన సిమెంటుకు చోటు లేకుండా చేస్తుంది. ఖాళీగా వదిలేసిన పంటి వైపు పక్క పళ్లు కొద్ది వారాల్లోనే ఒరుగుతాయి, అప్పుడు అదే క్యాపు మళ్లీ పట్టదు. నొప్పి లేకపోయినా ఆ వారంలోనే డాక్టరును కలవండి.